తుంటి బర్సైటిస్‌కు ఆర్థరైటిస్ కోడ్ పడితే క్లెయిమ్ ఏమవుతుంది?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. దాళ్వా నాట్లయ్యాక మా అమ్మకు (58) కుడి తుంటి పక్కన నొప్పి మొదలైంది. బర్సైటిస్ అని చెప్పి, ఒకరోజు ఆసుపత్రిలో ఉంచి, ఎంఆర్ఐ తీసి ఇంజెక్షన్ ఇచ్చారు. బిల్లు రూ.31,400. పాలసీ తీసుకుని 14 నెలలైంది. ఆర్థరైటిస్‌కు వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక కొన్నాళ్లు ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం) తీరలేదని బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. మెడికల్ కోడింగ్ (జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేసే పని) చేసే మా తమ్ముడు బర్సైటిస్ కోడ్ ఎం70.61 వేయాల్సిందంటున్నాడు. ఇప్పుడేం చేయాలి?

జవాబు: మీ తమ్ముడి అనుమానం సరైనదే. తొడ ఎముక పైభాగాన బయటికి పొడుచుకొచ్చిన గుబ్బ మీద, కండరాలు రాసుకోకుండా ద్రవం ఉన్న పల్చటి సంచి (బర్సా) ఉంటుంది. అది వాస్తే బర్సైటిస్. ఆ పక్కకు తిరిగి పడుకోలేరు, మెట్లెక్కినా కూర్చుని లేచినా పోటు వస్తుంది. ఇక్కడ ఆర్థరైటిస్ అంటే కీలు లోపలి అరుగుదల, దాని నొప్పి ఎక్కువగా గజ్జల్లో తెలుస్తుంది.

జబ్బులకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ జాబితా ఐసీడీ-10లో ఈ బర్సైటిస్ ఎం70.6, తుంటి కీలు అరుగుదల ఎం16. మీ తమ్ముడు చెప్పినట్టు చివర కుడికి 1, ఎడమకు 2 చేర్చేది అమెరికా పద్ధతి. డాక్టరు ఉత్త ‘తుంటి నొప్పి’ అని రాస్తే కోడ్ ఎం25.5 అవుతుంది. ఎంఆర్ఐలో పిరుదు కండరాల టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) వాపు కనబడితే ఎం76.0. డాక్టరు రాసిన మాటను బట్టే కోడ్ పడుతుంది కాబట్టి ముందు చూడాల్సింది డిశ్చార్జ్ సమ్మరీ.

క్లెయిమ్ ఫారం పార్ట్-బి ఆసుపత్రి నింపేది. దాని నకలు అడిగి తీసుకోండి. సమ్మరీలో బర్సైటిస్ ఉండి పార్ట్-బిలో ఎం16 ఉంటే అది ఆసుపత్రి పొరపాటు. సరిచేసిన పార్ట్-బి, డాక్టరు సంతకం, తేదీ, ముద్రతో ధ్రువపత్రం తీసుకోండి. అందులో కుడి తుంటి అని, ఎక్కడ నొక్కితే నొప్పి వచ్చిందో, ఎక్స్‌రేలో కీలు ఎలా ఉందో, ఇంజెక్షన్ బర్సాలోకా కీల్లోకా అన్నది ఉండాలి. పాత కాగితం మీద దిద్దించవద్దు, దిద్దుబాటు కనబడితే మోసమని అనుమానిస్తారు. నిజంగానే ఎంఆర్ఐలో అరుగుదల ఉంటే మాత్రం కోడ్ మార్చమని అడగకండి.

కోడ్ సరిచేశాక కూడా ఒక చిక్కుంది, దీనికి ఇప్పుడే సిద్ధపడండి. తిరస్కరణ లేఖలో ‘ఎక్సెల్ 02’ (Excl02 అనే మినహాయింపు కోడ్) ఉంటే అది పాలసీలో జాబితాగా ఇచ్చిన జబ్బుల వెయిటింగ్ పీరియడ్. పాలసీలోని ఆ జాబితాలో బర్సైటిస్ పేరుందో లేదో చదవండి. లేకపోతే ఈ అడ్డు తొలగుతుంది. కానీ వెంటనే ‘ఎక్సెల్ 04’ తేవచ్చు, అంటే పరీక్షల కోసమే చేర్చారన్న వాదన. బర్సా ఇంజెక్షన్ మామూలుగా ఓపీలోనే నిమిషాల్లో అయిపోతుంది. నడవలేని స్థితి, జ్వరం, చీము అనుమానంతో ద్రవం తీయడం లాంటి కారణం కేస్ షీట్‌లో ఉంటేనే అడ్మిషన్ నిలబడుతుంది. లేకపోతే ఈ రూ.31,400 మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

కాగితాలన్నీ జతచేసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తీర్చే అధికారికి) ఏడాదిలోపు వెళ్లవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

కోపంతో పాలసీ మానేయకండి. గడిచిన 14 నెలల వెయిటింగ్ పోతుంది. కంపెనీ మారాలనుకుంటే రెన్యువల్‌కు కనీసం 45 రోజుల ముందు పోర్టబిలిటీకి దరఖాస్తు పెట్టండి, ఆ నెలలు మీతోనే వస్తాయి. దాళ్వా ధాన్యం డబ్బు చేతికి రాకముందే ప్రీమియం గడువు పడేట్టయితే, సార్వా డబ్బులోనే ఆ మొత్తం తీసి పక్కన పెట్టండి. ఏడాదికోసారి కట్టే ప్రీమియమైతే, గడువు దాటాక 30 రోజుల వెసులుబాటులో కట్టినా పాలసీ కొనసాగుతుంది కానీ, కట్టేలోపు ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు మీదే. ఆసుపత్రిలో చేరడంతో సంబంధం లేని ఫిజియోథెరపీ, మందులు, ఓపీ ఫీజులు మామూలు పాలసీలో రావు. అమ్మగారి పేర రూ.15,000 విడిగా పొదుపు ఖాతాలో ఉంచండి.