వార్షికోత్సవ ప్రదర్శనకు రాతప్రతులను ఎంచేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ మత గ్రంథాలయ వార్షికోత్సవానికి అరుదైన రాతప్రతుల ప్రదర్శన ఏర్పాటు చేసే బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. నీవు పంపిన జాబితా మాత్రం మరీ పొడవుగా ఉంది. అందులో సగానికి పైగా తీసివేయమని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ప్రదర్శనలో పెట్టిన ప్రతి గ్రంథమూ అంతో ఇంతో నష్టపోతుంది. వెలుతురు వల్ల కలిగే హాని కూడుతూ పోతుందే గాని, తరువాత ఎంతకాలం చీకట్లో దాచినా పూడదు. కనుక దీపాల వెలుగు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనీయకు. కిటికీ ఎండ అసలే వద్దు. చర్మపత్రం గాలిలోని తేమను బట్టి ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది, దానితోపాటు పైనున్న రంగులు పెచ్చులూడతాయి. అందుచేత అద్దాల పెట్టెలో తేమ 50 శాతం దరిదాపుల్లో నిలకడగా ఉండేలా చూడాలి. మాచికాయ కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి చేసిన సిరా కొన్ని ప్రతులలో కాగితాన్నే తినేస్తుంది. అక్షరాల వెంట గోధుమరంగు అంచులు, సన్నని పగుళ్లు కనబడితే ఆ ప్రతిని జాబితాలోంచి తీసేసి, దాని నకలు పెట్టు. నకలు అని చీటీ మీద స్పష్టంగా రాయి.

పుస్తకాన్ని అది సహజంగా తెరుచుకునేంత మేరకే తెరిచి, వ్యాసపీఠంలా రెండు అట్టలకూ అడుగున ఆనిక ఇవ్వు. తెల్ల చేతితొడుగులతో ఫోటోకు నిలబడాలన్న ఉబలాటం మీ పెద్దలకు ఉంటే మర్యాదగా వారించు. తొడుగు వేసుకుంటే వేళ్లకు స్పర్శ తెలియక పుట అంచులు చిరుగుతాయి, కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలు.

ఇక ఎంపిక సంగతి. బంగారు పూతల పుటలన్నీ వరుసగా పేర్చితే చూసేవారికి నాలుగో పెట్టె దగ్గరే కళ్లు అలసిపోతాయి. మైనపు చుక్కలు పడిన ప్రార్థన పుస్తకం, బొటనవేలు పదేపదే తగిలి నల్లబడిన పుట మూల, లేఖకుడు తన పేరూ ఊరూ చెప్పుకున్న పుష్పిక (గ్రంథం చివర రాసే మాట), ఇలాంటివి రెండు మూడైనా ఉండాలి. ఆ గ్రంథాలను మనుషులు చదివారని చెప్పేవి అవే.

వార్షికోత్సవం గనుక గ్రంథాలయం తన కథను కూడా చెప్పుకోవాలి. లండన్‌లో ఇంగ్లండ్ చర్చి పెద్ద అయిన ఆర్చిబిషప్ నివాసం లాంబెత్ ప్యాలెస్. అక్కడి గ్రంథాలయం 1610లో ఆర్చిబిషప్ రిచర్డ్ బ్యాంక్రాఫ్ట్ తన తరువాత వచ్చే ఆర్చిబిషప్పుల కోసం విడిచి వెళ్లిన పుస్తకాలతో మొదలైంది. బిషప్పుల వ్యవస్థనే రద్దు చేసిన కాలంలో ఆ పుస్తకాలు కేంబ్రిడ్జికి తరలిపోయి, 1664లో తిరిగి వచ్చాయి. 2010లో దాని 400 ఏళ్ల సందర్భంగానూ ప్రదర్శన జరిగింది. మీ పుస్తకాలు ఎవరి చేతి నుండి వచ్చాయో, ఆపదలో ఎవరు కాపాడారో చెప్పే ఒక దానపత్రమో పాత జాబితానో మొదటి పెట్టెలోనే ఉంచు.

భక్తులకు అవి పవిత్ర గ్రంథాలన్న సంగతి మరువకు. వేటిని తెరవకూడదో, వేటిని నేలకు ఎంత ఎత్తున ఉంచాలో మతపెద్దలను ముందే అడుగు. ప్రారంభోత్సవం నాడు అడగడం ఇరువురికీ ఇబ్బంది.

పెట్టెలో పెట్టేముందు ప్రతి గ్రంథాన్నీ ఫోటో తీసి, దాని స్థితిని రాసి పెట్టుకుని, తిరిగి తీసిన రోజున పోల్చి చూడు. కుదించిన జాబితా సిద్ధం కాగానే నాకు పంపు.