వెనక దర్వాజ అడుగున పెయింట్ ఉబ్బితే

ప్రశ్న: మాది హనుమకొండ. నార్త్ కరోలినాలో ఇరవై ఏళ్ల నాటి ఇల్లు కొనాలనుకుంటున్నం. డెక్ (ఇంటికి ఆనించి కట్టిన చెక్క అరుగు) మీదికి తెరుచుకునే వెనక దర్వాజ అడుగున పెయింట్ ఉబ్బి ఉంది. చెదల రిపోర్టు క్లీన్‌గా వచ్చింది కదా, పట్టించుకోవద్దని ఏజెంట్ అంటున్నడు. నమ్మొచ్చా?

జవాబు: ఆ ఒక్క మాటకే నమ్మొద్దు. చెదల రిపోర్టులో చూసేది పురుగుల సంగతి. చెక్క చివికిందా లేదా అన్నది వేరే లెక్క.

వరంగల్ దిక్కు ఇల్లంటే ఇటుక, సిమెంటు. చెక్క ఉండేది దర్వాజలకు, కిటికీలకే. అది టేకైతే దాంట్లోని నూనె వల్ల వాన కొట్టినా ఏళ్లకేళ్లు నిలుస్తది. అందుకే మనకు చెక్క అనంగనే చెదలే యాదికొస్తయి. ఇక్కడ గోడను నిలబెట్టేదే పైన్, స్ప్రూస్ లాంటి మెత్త చెక్క. దర్వాజ అడుగున మొదలైన కుళ్లు కింది ప్లైవుడ్‌కు, అక్కడి నుంచి ఇంటి అంచు దూలానికి పాకుతది.

కుళ్లబెట్టేది ఫంగస్. దానికి గాలి, వెచ్చదనం ఎప్పుడూ దొరుకుతయి, మన చేతిలో ఉన్నది నీళ్లొక్కటే. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే ఫంగస్ పెరగదు. 28–30 దాటి అట్లనే ఉంటే పని మొదలుపెడతది. రెండు సూదులుండే మాయిశ్చర్ మీటర్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతది, కొని పెట్టుకోండి. ముందు పొడిగా ఉన్న చెక్క మీద ఒక రీడింగ్, తర్వాత అనుమానం ఉన్న చోట ఇంకొకటి తీస్తే తేడా తెలుస్తది.

మీటర్ ఇప్పటి తేమే చెప్తది. పోయినేడు కుళ్లి ఇప్పుడు ఎండిన చెక్కను పట్టదు. దానికి స్క్రూడ్రైవరే మేలు. మొన గుచ్చి కొద్దిగా పైకి లేపండి. మంచి చెక్కయితే పొడుగు పేడు లేస్తది. చివికిన చెక్క పేడు లేవకుండ అడ్డంగా తెగుతది. గోధుమ రంగు తిరిగి చిన్న చిన్న గడులుగా పగిలినా, పాలిపోయి నారలా ఊడినా కుళ్లే. లోపల మట్టి, గోడ మీద మట్టి గొట్టాలు కనబడితే అవి చెదలు. ఇల్లు ఇంకా మీది కాలేదు కాబట్టి అమ్మేటోళ్లను అడగకుండ గుచ్చకండి. డ్యూ డిలిజెన్స్ గడువు (ఇల్లు పరీక్ష చేయించుకుని, వద్దనుకుంటే బేరం వదులుకునేందుకు ఇచ్చే టైము) లోపలే ఇన్‌స్పెక్టర్‌తో మూడు పనులు చేయించండి: ఆ దర్వాజ అడుగున మీటర్ పెట్టడం, క్రాల్ స్పేస్‌లోకి (ఇంటి నేల కింద పాకుతూ పోయే ఖాళీ) దిగి సరిగ్గా దాని కింది ప్లైవుడ్, దూలం చూడటం, డెక్‌ను ఇంటికి బిగించిన లెడ్జర్ పలక పైన రేకు ఉందో లేదో చెప్పడం. ఆ రేకు లేకపోతే వాన నీళ్లు పలక వెనక్కి దిగుతయి. లెడ్జర్ మెత్తబడితే డెక్ మొత్తం ఊడి పడొచ్చు. బేరం ఎక్కువ ఆడాల్సింది దీని మీదనే.

దర్వాజ వరకే అయితే పెద్ద ఖర్చు కాదు. చెక్కను కోసిన చివర గొట్టాల కట్టలాంటిది, నీళ్లను పైకి గుంజుతది. డెక్ మీద పడ్డ వాన చింది ముందు తగిలేది అక్కడనే. కుళ్లిన చోటే కాదు, దానికి పైన గట్టి చెక్క తగిలేదాకా కోసెయ్యాలె. మిగిలింది 15 శాతం లోపుకు ఎండినంక ఫంగస్‌ను ఆపే బోరేట్ మందు పూసి, కొత్త ముక్కకు కోసిన చివరలతో సహా అన్ని వైపులా ప్రైమర్ కొట్టి బిగించాలె. పీవీసీ ముక్క వేస్తే ఇంకా నయం. ఎపాక్సీ పుట్టీ చిన్న గుంతలకు పనికొస్తది, తడి చెక్క మీద పెడితే మాత్రం ఊడి వస్తది. బోరేట్ వానకు కరిగిపోతది కాబట్టి పైన పెయింట్ తప్పదు. కొందరు మేస్త్రీలు కిటికీ కింది సన్న రంధ్రాలను కూడా కాక్‌తో (సందులు పూడ్చే మెత్తటి పేస్టు) మూసేస్తరు. అవి లోపలి నీళ్లు బయటికి పోయే దారులు, ముట్టనీయొద్దు.

బయట పని తేలికే. కప్పు అంచున వాన నీళ్లు పట్టే గట్టర్లలో చెత్త ఏటా రెండుసార్లు తీయించండి, వాటి పైపు నీళ్లు పునాదికి కనీసం 4 అడుగుల దూరం పడేట్టు చూడండి. గోడ చెక్కకు, మట్టికి మధ్య 6 అంగుళాలు ఖాళీ ఉండాలె. మల్చ్ (మొక్కల మొదట్ల పరిచే చెక్క పొట్టు) అక్కడే కుప్ప పోస్తరు, పక్కకు లాగండి.

ఇగ మన అలవాట్లు. తులసి, కరివేపాకు కుండీలను డెక్ పలక మీదనే పెట్టి రోజూ నీళ్లు పోస్తే కింద పలక ఆరనే ఆరదు. ఎత్తు స్టాండు మీద పెట్టి, అప్పుడప్పుడు జరపండి. ఇక్కడి బాత్రూముల్లో టబ్ బయట నీళ్లు పోయే తూము సాధారణంగా ఉండదు. ఊరి నుంచి అమ్మానాన్న వస్తే బకెట్, చెంబు టబ్ లోపలే వాడాలని ముందే చెప్పండి. బకెట్లతో నేల కడగడం కూడా వద్దు. టాయిలెట్ పక్క చేతి షవర్ పెట్టుకుంటే ట్యాంక్ దగ్గరి టీ జాయింట్‌ను నెలకోసారి టిష్యూతో తుడిచి చూడండి, ఒక్క చుక్క తడి కనబడ్డా వాషర్ మార్చండి. మెల్లమెల్లగా కారి కుళ్లినదానికి హోమ్ ఇన్సూరెన్స్ మామూలుగా పైసలియ్యదు. పైపు అకస్మాత్తుగా పగిలితే వేరే మాట.