సుగంధ మొక్కల తోటలో ముందు చూడవలసింది ఆకు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంటి ముందు మడిని పూలమొక్కలకు బదులు సుగంధ మొక్కలతోనే తీర్చాలనుకుంటున్నానని రాశావు. మంచి ఆలోచనే. అయితే వీటిలో చాలావాటి పూత నాలుగు రోజుల ముచ్చట. మిగతా కాలమంతా కంటికి కనిపించేది ఆకే కనుక, మొక్క దేనికి పనికొస్తుందన్నది తరువాత ఆలోచించి, ముందు దాని ఆకు రంగును, పెరిగే తీరును చూడు.

సన్నని ముదురాకుపచ్చ ఆకుల రోజ్‌మేరీ పక్కన బూడిదరంగు నూగుతో ఉండే సేజ్‌ను, వాటి వెనుక నూలుపోగుల్లా విడివడే సోంపును నాటితే, ఒక్క పువ్వు లేకపోయినా ఆ మూల కళకళలాడుతుంది. తులసి జాతికి చెందిన ఊదారంగు బేసిల్ ఒంటరిగా ఉంటే మట్టిరంగులో కలిసిపోతుంది. చుట్టూ లేత పసుపు ఆకుల ఒరెగానో ఉన్నప్పుడే ఆ ఊదా తేలి కనిపిస్తుంది. నిమ్మగడ్డి దుబ్బు మూడడుగులకు పైగా లేస్తుంది కనుక వెనుక వరుసలో ఉంచు. దాని ఆకు అంచులు చర్మాన్ని కోస్తాయి కాబట్టి దారికి ఎడంగానే ఉండాలి. దారి పలకల సందుల్లో మాత్రం నేలనంటి పాకే థైమ్ వేయి. వాసననిచ్చే నూనె ఆకు మీది సూక్ష్మగ్రంథుల్లో ఉంటుంది కనుక, అడుగు తగిలి ఆకు నలిగినప్పుడల్లా పరిమళం లేస్తుంది.

16వ శతాబ్దపు ఇంగ్లండు తోటల్లో ఇటువంటి మొక్కలనే పొట్టిగా కత్తిరించి ముడుల ఆకారంలో అల్లేవారు. చూడటానికి బాగుంటుంది గానీ కత్తెర పనికి అంతుండదు. నువ్వు దాని జోలికి పోకపోవడమే మేలు.

రోజ్‌మేరీ, లావెండర్, సేజ్, థైమ్‌లకు రోజుకు ఆరు గంటల ఎండ, నీరు నిలవని నేల కావాలి. పుదీనాకు తేమ కావాలి. రెంటినీ ఒకే మడిలో పెడితే ఒకదాని వేరైనా కుళ్లుతుంది, మరొకటైనా వాడుతుంది. పైగా పుదీనా నేలలోపలే పాకి మడంతా ఆక్రమిస్తుంది కనుక దానిని కుండీలోనే పెంచు. ఎరువు ఎక్కువైతే ఆకు ఏపుగా వచ్చి వాసన పలచబడుతుంది. లావెండర్‌ను పూత అయ్యాక ఆకులున్న మేరకే కత్తిరించు. ముదిరిన బోడి కాండం దాకా కోస్తే మళ్లీ చిగురించడం కష్టం.

వంటకు కావలసినవి ముందు మడిలో కోయవద్దు, నాలుగు కోతలకే అందం చెడుతుంది. పెరట్లో విడిగా కొన్ని పెంచుకో. బేసిల్ వంటివి ఒక కాలంతో అయిపోయి ఖాళీలు మిగులుస్తాయి కనుక, మడికి ఆకారమిచ్చే చోట్ల రోజ్‌మేరీ వంటి, ఏళ్ల తరబడి బతికే బహువార్షికాలే ఉండాలి.

మొక్కలు కొనేముందు మడి కొలతలు, ఎండ ఎటునుంచి ఎంతసేపు పడుతుందో రాసి పంపు.

ఇట్లు,
పెద్దమ్మ