గోడ మీద ఆ కాలు బొమ్మ వద్దు, అమ్మలూ

చి. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

బోదకాలు మాత్రల ప్రచారం నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు పంపిన పోస్టర్ చూశాను. అక్షరాలు దూరానికి కూడా కనపడేలా ఉన్నాయి, బాగుంది. మధ్యలో వేసిన ఆ వాచిన కాలు మాత్రం తీసెయ్యి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అదే వేయించాను. రాజోలు దగ్గర ఒక ఊళ్లో, పంచాయతీ గోడ మీద, కింద ఎర్రరంగుతో ‘ఇలా బతుకుతారా?’ అని. ఎదురుగా కొబ్బరికాయలు ఒలిచే పాక. అందులో పనిచేసే ఒకావిడకి ఎడమకాలు బోదకాలు. రోజూ కాళ్లు చాపుకుని పీచు విడదీస్తూ, వచ్చేపోయేవాళ్లని పలకరించేది. బొమ్మ వేసిన మర్నాడు చూస్తే గోడకి వీపు పెట్టి, కాలి మీద గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. ఆ వారం రాత్రిపూట రక్తపరీక్షలకి వెళ్తే తలుపు తియ్యలేదు. పక్కింటివాళ్లు తీశారు గానీ, “మా కాళ్లు బాగానే ఉన్నాయి కదండీ, మాకెందుకు మాత్రలు?” అన్నారు.

ఆ మాట మన బొమ్మ నేర్పిందే. ఈ జబ్బు క్రిములు పైకి ఏ గుర్తూ లేనివాళ్ల రక్తంలో ఏళ్ల తరబడి ఉండొచ్చు. డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ఊరందరి చేతా మింగించేది అందుకే. కాలు బాగా వాచినవాళ్ల రక్తంలో చాలాసార్లు అవి దొరకవు కూడా. ఇది తెలిసుండీ ఆవిడని గోడకెక్కించాను.

నువ్వు మురుగు బోదె వెయ్యి, దోమ వెయ్యి, మాత్రలు మింగుతున్న ఇంటిల్లిపాదినీ వెయ్యి. వాళ్లలో ఒకరికి బోదకాలు ఉంటే ఉండనీ, అందరితోపాటే మాత్ర వేసుకుంటున్నట్టు చూపించు. బోదకాలున్నవాళ్లకి పనికొచ్చే పోస్టర్ ఇంకోటి చెయ్యి: రోజూ సబ్బుతో కాలు కడుక్కోవడం, వేళ్ల సందుల్లో తడి మెత్తటి గుడ్డతో అద్దుకోవడం, కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోవడం. మనం భయపెట్టడం మీద పడి, ఈ సంగతి వాళ్లకి చెప్పడమే మానేశాం.

మైకులో చెప్పే మాటలు కూడా చూసుకో. ‘గుడ్డిగా మందులు వాడకండి’ అనకు, ‘డాక్టర్ని అడక్కుండా వాడకండి’ అను. పోలియో చుక్కలప్పుడు ‘నిండు జీవితానికి రెండు చుక్కలు’ అని ఊరూరా చెప్పాం. ఆ చుక్కల వల్లే 2014 మార్చిలో మన దేశంలో పోలియో లేదని ధ్రువీకరించారు, అందులో నా చెయ్యీ ఉందని ఇప్పటికీ సంతోషమే. కానీ కాళ్లకి ఆసరాగా కాలిపర్లు వేసుకుని టైపు నేర్చుకోడానికి వెళ్లే కుర్రాడొకడు నా సైకిల్ ఆపి, “అయితే నాది సగం జీవితమాండీ?” అన్నాడు. ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయాను.

2024లో సుప్రీంకోర్టు సినిమావాళ్లకి చెప్పిందీ ఇదే, దివ్యాంగుల గురించి తీసేటప్పుడు వాళ్లని కలుపుకోమని. నువ్వూ ప్రెస్సుకి ఇచ్చేముందు బోదకాలున్నవాళ్లు ఇద్దరుముగ్గురికి పోస్టర్ చూపించు. చదువు రాకపోతే చదివి వినిపించు. “ఇది మా ఇంటి గోడకి అంటించుకుంటాం” అనేదాకా మార్చు.

శనివారం నేను వస్తాను. ఆ పాక దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం.

మీ మావయ్య