పాట దగ్గర కలిసినవారు మాట దగ్గర కలుస్తారా?

ప్రశ్న: మేము ఇరవై మందిమి వారానికొకసారి కలిసి బృందగానం సాధన చేస్తుంటాం. మొన్నటి ఎన్నికల సమయంలో మాటా మాటా పెరిగి రెండు వర్గాలుగా విడిపోయాం. ఇప్పటికీ సాధనకు అందరూ వస్తారు, శ్రుతి తప్పకుండా పాడతారు, పాట ముగియగానే పలకరింపులైనా లేకుండా ఎవరి దారిన వారు వెళ్ళిపోతారు. సంగీతం మనుషులను కలుపుతుందంటారు కదా! అది పాడుతున్నంతసేపేనా, ఆ తరవాత కూడా ఉంటుందా?
— ఒక పాఠకురాలు

జవాబు: ముఖముఖాలు చూసుకోనివారు కూడా సాధన మాత్రం మానడం లేదన్నారు. మీరు దాన్ని లోటుగా రాశారు గాని, నాకు అందులోనే ఆశ కనిపిస్తున్నది. అయితే సంగీతం శక్తిని గురించి మాట్లాడేటప్పుడు మనం కాస్త ఎక్కువ చేసి చెప్పుకొంటాం. ‘శిశుర్వేత్తి పశుర్వేత్తి వేత్తి గానరసం ఫణిః’ అన్న మాటనే తీసుకోండి. పాము గానరసాన్ని ఎరుగునని అందులో ఉన్నదే గాని, విన్న తరవాత కాటు వేయడం మానుతుందని లేదు.

జమైకాలో 1978 ఏప్రిల్ 22న జరిగినది ఇందుకు మంచి ఉదాహరణ. రెండు ప్రధాన పార్టీల అనుచరులు కింగ్‌స్టన్ వీధుల్లో ఒకరినొకరు చంపుకొంటున్న రోజుల్లో, శాంతి కోసం ఏర్పాటు చేసిన కచేరీలో గాయకుడు బాబ్ మార్లే ప్రధాని మైకేల్ మ్యాన్లీనీ, ప్రతిపక్ష నాయకుడు ఎడ్వర్డ్ సియాగానూ వేదిక మీదికి పిలిచి, ఇద్దరి చేతులూ కలిపి తన తలకు పైగా ఎత్తి పట్టుకున్నాడు. ఆ ఛాయాచిత్రం నేటికీ ప్రపంచమంతా తిరుగుతూనే ఉన్నది. కాని 1980 ఎన్నికల ఏడాది అదే దేశంలో రాజకీయ హింసకు సుమారు 800 మంది బలయ్యారు. 2008లో అమెరికాకు చెందిన న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందం ఉత్తర కొరియా రాజధానిలో రెండు దేశాల జాతీయ గీతాలనూ వాయించి, చివర కొరియా జానపద గీతం ‘ఆరిరాంగ్’ వినిపించింది. మరుసటి ఏడాదే ఉత్తర కొరియా రెండో అణుపరీక్ష జరిపింది. ఈ కచేరీలు వృథా అని నేను అనను. ఒక రాత్రి కచేరీ మీద అంత బరువు మోపడం మన పొరపాటు.

సంగీతం నిజంగా పని చేసేది వేదిక మీద కన్నా సాధన గదిలోనని నా అభిప్రాయం. పియానో విద్వాంసుడు డేనియల్ బారెన్‌బోయిమ్, పాలస్తీనా మూలాలున్న రచయిత ఎడ్వర్డ్ సయీద్ కలిసి 1999లో జర్మనీలోని వైమార్‌లో అరబ్బు, ఇజ్రాయెలీ యువ వాద్యకారులతో ఒక బృందాన్ని నెలకొల్పారు. అక్కడ ఒక సిరియా కుర్రవాడూ, ఒక ఇజ్రాయెలీ కుర్రవాడూ ఒకే స్టాండు మీది స్వరలిపి చూస్తూ చెల్లో (పెద్ద వయొలిన్ వంటి వాద్యం) వాయించిన సంగతి బారెన్‌బోయిమ్ చెబుతుంటారు. ఇద్దరూ ఒకే స్వరాన్ని, ఒకే బిగువుతో, కమాను ఒకే తీరున లాగుతూ పలికించాలి. అందుకు పక్కవాడి చేతిని గమనించాలి, అతని నాదాన్ని తన నాదం కన్నా శ్రద్ధగా వినాలి. ఆ ఒక్క స్వరం కుదిరిన తరవాత ఇద్దరూ ఒకరినొకరు మునుపటిలా చూడలేరని ఆయన అంటారు. ఇది శాంతి ప్రయత్నం కాదనీ, ఎదుటివారి గురించి ఏమీ తెలియకపోవడం మీద పోరాటమనీ కూడా ఆయనే స్పష్టం చేశారు. ఆ వినయం నాకు నచ్చుతుంది.

ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో ప్రకటించిన ఒక అధ్యయనం మీ ప్రశ్నకు మరింత దగ్గరగా ఉంటుంది. వయోజనుల కోసం నడిపే తరగతుల్లో కొత్తగా చేరినవారిలో కొందరు పాటల తరగతులకూ, కొందరు హస్తకళల తరగతులకూ, మరికొందరు రచనా తరగతులకూ వెళ్ళారు. పాడినవారు మిగిలినవారికన్నా త్వరగా దగ్గరయ్యారు గాని, ఏడు నెలలు గడిచేసరికి అన్ని బృందాల్లోనూ సాన్నిహిత్యం దాదాపు సమానమే. అంటే పాట బిడియాన్ని త్వరగా పోగొడుతుంది, మిగతాది ఆ తరవాతి సహవాసం చేయవలసిందే.

ఇంకొకటి, రాగానికి పార్టీ ఉండదు. జర్మన్ స్వరకర్త బీథోవెన్ తొమ్మిదో సింఫనీలోని ఆనందగీతం బాణీకే 1956 నుంచి 1964 వరకు తూర్పు, పశ్చిమ జర్మనీల క్రీడాకారులు ఒలింపిక్స్‌లో ఒకే జట్టుగా నిలబడ్డారు. 1974లో అదే బాణీని రొడీషియా (నేటి జింబాబ్వే)లోని శ్వేతజాతి అల్పసంఖ్యాక ప్రభుత్వం తన జాతీయ గీతానికి తీసుకుంది. మనవారిని కలిపే పాటే పరాయివారిని వెలివేయగలదు. కనుక మీ బృందం కొంతకాలం ఏ పక్షం సభల్లోనూ వినిపించిన పాటల జోలికి పోకపోవడం మేలు.

నేనైతే ఎవరికీ రాని కొత్త పాటను, అందులోనూ దీర్ఘమైన చరణాలున్నదాన్ని ఎంచుకొని, రెండు వర్గాలవారినీ ఒకరి పక్కన ఒకరిని నిలబెడతాను. దీర్ఘస్వరం తెగకుండా నిలవాలంటే అందరూ ఒకేచోట ఊపిరి తీసుకోకూడదు, ఒకరు ఆగినప్పుడు పక్కవారు స్వరాన్ని మోయాలి. ఎవరు ఎక్కడ ఆగాలో ముందుగా అడిగి తేల్చుకోక తప్పదు. ‘నువ్వు ఎక్కడ ఆగుతావు?’ అన్నదే ఎన్నికల తరవాత వారి మధ్య మొదటి మాట అయినా ఫరవాలేదు.