బైబిలును నమ్మడానికి బయటి ఆధారాలు కావాలా? మా పెదనాన్న పద్దుపుస్తకం గురించి చెబుతాను

చారిత్రక ఆధారాలు లేకుండా బైబిలును నమ్మడం గుడ్డి నమ్మకం కాదా అని అడిగారు. కాలేజీ రోజుల్లో నాలుగేళ్లపాటు ఆ ఆధారాల వెంటే తిరిగినవాణ్ని కాబట్టి రాస్తున్నాను.

ఆధారాలకు కొదవ లేదు. 1961లో ఇశ్రాయేలులోని కైసరయలో, యేసును సిలువకు అప్పగించిన రోమా అధిపతి పొంతి పిలాతు పేరు చెక్కిన రాయి దొరికింది. 1993లో ఇశ్రాయేలు ఉత్తరాన తేల్ దాన్‌లో బయటపడిన శాసనంలో బైబిలు చెప్పే దావీదు రాజు వంశం ప్రస్తావన ఉంది, అదీ శత్రురాజు వేయించిన శాసనంలో. 1947లో మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ గుహలో దొరికిన యెషయా గ్రంథపు చుట్ట ఏడు మీటర్లకు పైగా పొడవు. అంతవరకు తెలిసిన పూర్తి హెబ్రీ ప్రతులకన్నా అది సుమారు వెయ్యేళ్లు పాతది. యేసు బాధల గురించి ముందే చెప్పిందని నమ్మి మంచి శుక్రవారం మనం చదువుకునే 53వ అధ్యాయం, కొద్దిపాటి తేడాలతో, అందులోనూ ఉంది. ఆ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయినా పిలాతు ఉన్నాడని రాయి చెబుతుంది గాని, అతడు సిలువకు అప్పగించినవాడు మూడో రోజున లేచాడని ఏ రాయి చెబుతుంది? యెహోషువ నాయకత్వంలో గోడలు కూలాయని బైబిలు చెప్పే యెరికోలోనైతే తవ్వకాలు ఎదురే తిరిగాయి. 1950లలో అక్కడ తవ్వించిన బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త కాథ్లీన్ కెన్యన్, ఆ పట్టణం యెహోషువ కాలానికి చాలా ముందే నాశనమైందని తేల్చారు. విశ్వాసాన్ని తవ్వకాలకు తాకట్టు పెట్టినవారు ఆ పేజీ దగ్గర ఆగిపోతారు. నేను ఆగలేదు. కారణం మా పెదనాన్న.

ఆయనకు ఊళ్లో కిరాణా కొట్టు ఉండేది. ప్రోనోట్ల మీద అప్పులు కూడా ఇచ్చేవారు. చదువురాని కూలీల చేత వేలిముద్ర వేయించుకుని, కట్టిన వడ్డీని మళ్లీ బాకీలో చూపేవారు. ఊరందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. గుడికి క్రిస్మస్‌కు తప్ప రారు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా అన్నయ్య బాప్తిస్మానికి వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నారు. ఆ రోజు పాఠం లూకా 19, యేసును కలిసి మారిన పన్ను వసూలుదారు జక్కయ్య కథ. "అన్యాయముగా దేనినైనను తీసికొనినయెడల అతనికి నాలుగంతలు మరల చెల్లింతును."

రాత్రి నన్ను పిలిచి ఆ వచనం మళ్లీ చదవమన్నారు. మూడుసార్లు చదివించుకున్నారు. తర్వాత పద్దుపుస్తకం తీసి, తాను చెప్పిన పేర్ల పక్కన ఎర్ర పెన్సిలుతో గీత పెట్టమన్నారు. పదకొండు పేర్లు.

ఆ బాకీలు తీర్చడానికి మూడు వేసవులు పట్టింది, ఎకరం మామిడితోట పోయింది. పెద్దమ్మ నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. డబ్బు సంచి పట్టుకుని నేను వెంట నడిచేవాణ్ని. ఒక ముసలాయన గుమ్మంలోంచే "ఇప్పుడెందుకయ్యా ఇదంతా?" అని తలుపు వేయబోయారు. పెదనాన్న చేతులు జోడించి ఎండలో అలాగే నిలబడ్డారు. చాలాసేపటికి ఆ ముసలాయన పక్కకు జరిగితే, లోపలికి వెళ్లి నులకమంచం మీద డబ్బు పెట్టి వచ్చారు. పిలాతు రాయి సంగతి పెదనాన్నకు చివరిదాకా తెలియదు.

వేరే పుస్తకాలు చదివి మారినవాళ్లు లేరా అని అడుగుతారు. ఉంటే ఉండవచ్చు, నా కళ్లముందు జరిగింది ఇది.

నాకు నిజంగా కోపం తెప్పించేది వేరే ఉంది. యెహోషువ కాలంలో సూర్యుడు ఆగాడని బైబిలు చెప్పే రోజును నాసా కంప్యూటర్లు కనిపెట్టాయన్న కథను ఇప్పటికీ ప్రసంగ వేదికల మీద వింటున్నాను. నాసా దాన్ని ఏనాడో ఖండించింది. వాషింగ్టన్‌లోని బైబిల్ మ్యూజియం దగ్గరున్న మృత సముద్ర గ్రంథపు ముక్కలు 16కు 16 నకిలీవని 2020లో ఆ మ్యూజియమే ప్రకటించింది. తప్పు ఒప్పుకోవడానికి వాళ్లకున్న ధైర్యం మన వాట్సాప్ బోధకులకు ఎందుకు లేదు? అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ ఉన్న పుస్తకానికి అబద్ధాన్ని సాక్షిగా నిలబెడతారా?

పెదనాన్న పోయాక పద్దుపుస్తకం నా దగ్గరికి వచ్చింది. రెండు కుటుంబాలు అప్పటికే వలస వెళ్లిపోయాయి, ఆ పేర్ల దగ్గర చెల్లించినట్లు గుర్తు లేదు. వాళ్లను వెతకమని అన్నయ్యకూ నాకూ చెప్పి వెళ్లారు. పోయిన ఏడాది ఒకాయన మనవడు విజయవాడలో దొరికాడు. రెండో కుటుంబం కోసం ఇంకా అడుగుతున్నాం.