సోఫా కోళ్లు కొరికేస్తున్నాడు.. కాల్షియం లోపమా డాక్టర్?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. మా లాబ్రడార్ కుక్కపిల్ల లడ్డుకి నాలుగున్నర నెలలు. టీకాలన్నీ వేయించాం. నెల రోజులుగా కనిపించిందల్లా కొరుకుతున్నాడు. చెప్పులు, డోర్‌మ్యాట్, డైనింగ్ కుర్చీలు అయ్యాయి. ఇప్పుడు మా నాన్నగారు పెళ్లికి చేయించి ఇచ్చిన టేకు సోఫా మీద పడ్డాడు. ముందు కోళ్లు రెండూ ఉలితో చెక్కినట్టు అయిపోయాయి. మావారు పేపరు చుట్టి కొడుతున్నారు. అత్తయ్య కారం పూయమంటున్నారు. పెట్ షాపులో కాల్షియం తక్కువైందని టానిక్ ఇచ్చారు. మేమిద్దరం పొద్దున తొమ్మిదిన్నరకు ఆఫీసుకు వెళ్తే సాయంత్రం ఆరున్నరకు వస్తాం. అత్తయ్య ఇంట్లోనే ఉంటారు కానీ మోకాళ్ల నొప్పులతో ఎక్కువగా తిరగలేరు. వాణ్ని ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ టానిక్ ఆపేయండమ్మా. కాల్షియం తగ్గితే కుక్కపిల్లలు చెక్క కొరుకుతాయన్నది మన దగ్గర బాగా పాతుకుపోయిన నమ్మకం. అందులో నిజం లేదు. కుక్కపిల్లల కోసం తయారైన మంచి ఫుడ్ పెడుతుంటే కావలసిన కాల్షియం అందులోనే ఉంటుంది. పైగా ఈ వయసు పిల్లల పేగులకు అక్కర్లేని కాల్షియాన్ని వదిలేయడం ఇంకా చేతకాదు. ఇచ్చిందాంట్లో చాలాభాగం ఒంట్లోకి లాగేసుకుంటాయి. లాబ్రడార్ లాంటి పెద్ద జాతుల్లో దానివల్ల ఎముకలు, కీళ్లు వంకరగా ఎదిగే ప్రమాదం ఉంది. ఒకవేళ మీరు ఇంట్లో వండిన పెరుగన్నం, చికెన్ అన్నమే పెడుతుంటే లెక్క వేరు. అప్పుడు ఏది ఎంత కలపాలో పిల్ల బరువు చూసి మీ వెటర్నరీ డాక్టరే చెప్పాలి.

మీ లడ్డుకి పళ్లు మారుతున్నాయి, అంతే. కుక్కపిల్లకు పాలపళ్లు 28. మూడో వారంలో మొదలై రెండు నెలలకల్లా అన్నీ వచ్చేస్తాయి. మూడున్నర, నాలుగు నెలల నుంచి అవి ఊడిపోతూ 42 శాశ్వత దంతాలు వస్తాయి. మొదట ముందు పళ్లు మారతాయి. తర్వాత కోరపళ్లు, దవడ పళ్లు. ఆరేడు నెలలకు అన్నీ పూర్తవుతాయి. అంటే మీవాడికి కొంత దారి అయింది. కోరపళ్లు, దవడ పళ్ల వంతు ఇంకా ఉంది కాబట్టి వచ్చే నెల, నెలన్నర కొరకడం ఇంకాస్త పెరగొచ్చు కూడా.

ఈ రాత్రి వాడు నిద్రమత్తులో ఉన్నప్పుడు పై పెదవిని వేలితో మెల్లగా ఎత్తి చూడండి. చిగురు ఎర్రగా ఉబ్బి ఉంటుంది. అందులోంచి బియ్యపు గింజంత తెల్లటి కొన పైకి వస్తుంటుంది. దాని పక్కనే సూదిలాంటి పాలపన్ను వేలు తగిలితే కదులుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను మొదట చూపించేది ఇదే. అప్పటిదాకా ‘మొండిది డాక్టర్, చెప్పినా వినదు’ అన్నవాళ్లే ‘అయ్యో’ అంటూ దాన్ని ఒళ్లోకి తీసుకుంటారు. మీ వారికీ, అత్తయ్యగారికీ కూడా చూపించండి. బొమ్మల మీద ఒకటి రెండు నెత్తురు చుక్కలు కనిపిస్తే భయపడకండి. ఊడిన పన్ను మింగేసినా ఏమీ కాదు.

కొరకడం మాన్పించాలని చూస్తే మీవల్ల కాదు, నావల్లా కాదు. చిగుళ్ల దురద, నొప్పి తీరడానికి వాడికి వేరే దారి లేదు. మనం నేర్పగలిగింది ఏది కొరకాలన్నది మాత్రమే. పేపరుతో కొడితే వాడికి అర్థమయ్యేది ‘సోఫా కొరకకూడదు’ అని కాదు, ‘ఈయన ఉన్నప్పుడు కొరకకూడదు’ అని. మీరు ఆఫీసుకు వెళ్లగానే మళ్లీ అదే పని. దెబ్బలు తిన్న పిల్ల చెయ్యి చూస్తే బెదిరే కుక్క అవుతుంది, బెదిరిన కుక్కే పెద్దయ్యాక కరుస్తుంది. దయచేసి నేను ఆపమన్నానని మీవారితో చెప్పండి. కారం కూడా వద్దు. కళ్లలో, ముక్కులో పడి మంట పుడుతుంది, పుండైన చిగుళ్లకు తగిలితే విలవిల్లాడుతుంది. పెట్ షాపుల్లో చేదు స్ప్రేలు దొరుకుతాయి, వాటిని వాడొచ్చు. ముందు సోఫా వెనకవైపు ఒక మూల కొట్టి, పాలిష్ పాడవడం లేదని చూసుకుని రోజూ కొట్టాలి. కొన్ని కుక్కలు ఆ చేదును లెక్కచేయవు. అందుకని దాని మీదే ఆశ పెట్టుకోకండి.

మరి ఏం ఇవ్వాలి? చల్లటివి. పాత నూలు టవల్ తడిపి, పిండి, ముడేసి ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వండి. వాడు దాన్ని పట్టుకుని కూర్చుంటే ఇరవై నిమిషాలు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. దారాలు ఊడటం మొదలైతే పారేయండి. ఫ్రిజ్‌లో పెట్టిన లావుపాటి క్యారెట్ ఇవ్వొచ్చు, పక్కనే ఉండి చూడాలి. లోపల బోలుగా ఉండే గట్టి రబ్బరు బొమ్మలో ఉప్పూ చక్కెరా కలపని పెరుగు, రెండు గింజల డాగ్ ఫుడ్ కూరి గడ్డకట్టించి ఇస్తే ఇంకా మంచిది. బొమ్మ కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి: బొటనవేలి గోటితో నొక్కితే కాస్త లోపలికి దిగాలి. దిగనంత గట్టిదైతే పళ్లు చిట్లుతాయి. పాత చెప్పు మాత్రం ఆడుకోమని ఇవ్వకండి. పాతదేదో కొత్తదేదో వాడికి తెలియదు, తోలు వాసన ఒకటే.

ఆదివారం మటన్ బొక్కల గురించి గట్టిగా చెప్పాలి. మన ఇళ్లలో బిర్యానీ తిన్నాక ప్లేటులో మిగిలిన బొక్క కుక్కకు వేయడం ప్రేమ కింద లెక్క. ఉడికిన ఎముక పెళుసుబారి ముక్కలవుతుంది. ఆ ముక్కలు గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. పైగా దాన్ని అంటుకుని వచ్చే ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా ముందే చెప్పేయండి. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్, బ్రూఫెన్ లాంటి మన మాత్రలు, పసిపిల్లల చిగుళ్లకు రాసే జెల్ అస్సలు వాడొద్దు. అవి కుక్కలకు విషం.

ఇక సోఫా దగ్గర పట్టుబడ్డప్పుడు ఏం చేయాలంటే, అరవకండి, వెంటపడి పరిగెత్తకండి. పరిగెత్తితే వాడికి అది ఆట. మామూలు గొంతుతో ‘వదులు’ అని, వెంటనే బొమ్మ నోటి ముందు పెట్టండి. అది పట్టుకోగానే మెచ్చుకుని నిమరండి. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. ఒకరు ‘నో’, ఒకరు ‘ఛీ’, ఒకరు ‘పోరా’ అంటే వాడికి ఏదీ ఎక్కదు. సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య పిచ్చిపట్టినట్టు తిరుగుతూ అన్నీ కొరుకుతున్నాడంటే చాలాసార్లు అది నిద్ర చాలకపోవడం. ఈ వయసు పిల్ల రోజులో పదహారు, పద్దెనిమిది గంటలు పడుకోవాలి. లైటు తగ్గించి ఒక మూల పడుకోబెట్టి చూడండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ తొమ్మిది గంటలు. నాలుగున్నర నెలల పిల్లకు నాలుగైదు గంటలకు మించి మూత్రం ఆపుకోవడం చేతకాదు. హాల్లో ఒక మూల మడత కంచె కొని పెట్టండి. అందులో చాప, నీళ్లు, రెండు మూడు బొమ్మలు. గొలుసుతో కట్టేయడం, బాల్కనీలో వదిలేయడం వద్దు, మన ఎండలకు అస్సలు వద్దు. మధ్యాహ్నం ఒక అరగంట వచ్చి బయటికి తిప్పి వెళ్లే మనిషిని చూసుకోండి, పక్క ఫ్లాట్‌లో కుక్కలంటే ఇష్టమున్న కాలేజీ పిల్లలున్నా సరే. అత్తయ్యగారు కుర్చీలోంచి లేవకుండానే ఫ్రీజర్ బొమ్మ అందించగలిగితే చాలు. టీకాలు అయ్యాయి కాబట్టి పొద్దున్నే, రోడ్డు వేడెక్కకముందు అరగంట నడిపించండి. వాసన చూస్తానంటే లాక్కెళ్లకండి. వాసన చూస్తేనే వాడి బుర్ర అలసిపోతుంది.

ఛార్జర్ వైర్లు మాత్రం ఈ రోజే పైకి కట్టేయండి. వైరు కొరికి షాక్ తగిలిన కుక్క అప్పటికి మామూలుగా కనిపించినా కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. వెంటనే డాక్టరుకు చూపించాలి. సోఫా స్పాంజి, సాక్సు, చీర అంచు లాంటివి మింగి వాంతులు చేసుకుంటున్నా, తిండి మానేసినా అంతే. మలద్వారం నుంచి దారం వేలాడుతుంటే లాగకండి, పేగు తెగుతుంది. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, మీకు మరీ దూరం కాదు. పళ్లు వస్తున్నాయి కదా అని జ్వరాన్ని, విరేచనాలను, నీరసాన్ని తేలిగ్గా తీసుకోకండి. పళ్ల వల్ల అవి రావు, వేరే జబ్బు ఉందని అర్థం. ఆటలో పన్ను దిగి మీకో, అత్తయ్యగారికో చర్మం చిరిగితే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి డాక్టరును కలవండి, టీకాలు వేసిన పిల్లే అయినా సరే.

ఏడు నెలలు నిండాక ఒకసారి నోరు చూపించండి. పాల కోరపన్ను ఊడకుండా కొత్తది పక్కన వచ్చేస్తే తీయించాలి. పొమేరియన్ లాంటి చిన్న జాతుల్లో ఇది ఎక్కువ, లాబ్రడార్‌లో తక్కువే, అయినా చూసుకోవడం మంచిది. లాబ్రడార్‌లకు కొరకడం సరదా ఏడాది దాటాక కూడా కొంత ఉంటుంది, కానీ ఈ ఆత్రం ఉండదు. సోఫా కోళ్లకు ఇప్పుడే మరమ్మతు చేయించకండి. కొత్త పాలిష్ వాడు నాకితే ప్రమాదం, మళ్లీ కొరికితే డబ్బు దండగ. ప్రస్తుతానికి ఆ రెండు కోళ్లకు లావుపాటి ప్లాస్టిక్ పైపు నిలువునా కోసి తొడగండి. టేకు గట్టి చెక్క. పళ్లన్నీ వచ్చేశాక వడ్రంగిని పిలిచి గీకించి పాలిష్ పట్టిస్తే మీ నాన్నగారి సోఫా మళ్లీ నిలబడుతుంది.